గేటు దగ్గర లేచిన చెయ్యి

2011 అక్టోబరులో, దసరా తర్వాతి వారం, మొదటి షిఫ్టు వేళకు భూపాలపల్లిలో ఒక బొగ్గు బావి గేటు ముందు లాఠీచార్జి జరిగింది. నా భర్త హరిలాల్ కుడి మోకాలు విరిగింది. లాఠీలు లేవక ముందు కార్మికుల ముందు వరుసలో ఒక చెయ్యి లేచింది. అది మా బాపు, అంటే మా నాన్న చెయ్యి. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ చెయ్యి ఎందుకు లేచిందన్న దగ్గర మాటలు వేరయ్యాయి.

బాపు పేరు బీక్యా. పుట్టింది మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో. ఆ ఊరిని మేం మానుకోట అనే అంటాం. ఫుట్‌బాల్ ఆడతాడని కంపెనీ ఆయనను బావి పనిలోకి తీసుకుంది. పద్దెనిమిదేళ్లు కంపెనీ జట్టుకు స్టాపర్ బ్యాక్ ఆడాడు. స్టాపర్ అంటే గోల్‌కీపర్ ముందు నిలబడే ఆఖరివాడు. ఆ పద్దెనిమిదేళ్లలో ఆయన కాలి నుంచి పోయిన గోల్ ఒక్కటే, అదీ సొంత గోల్లోకి. ఆడటం మానేశాక అదే జట్టుకు కోచ్ అయ్యాడు.

హరిలాల్ ఆయన తయారుచేసిన లెఫ్ట్ బ్యాక్, అంటే గోల్ ముందు ఎడమ వైపు కాసేవాడు. అతనిదీ మా పక్క తండానే. గ్రౌండులో బాపును సార్ అనేవాడు, ఇంట్లో మామ అనేవాడు. మాకు క్వార్టర్ రాలేదు కాబట్టి బాపు క్వార్టర్లోనే ముందు గదిలో ఉండేవాళ్లం. మా లంబాడీ భాషలో అమ్మను యాడి అంటాం. మా యాడి పేరు సక్రి. నేను రేగొండ, ఘనపూర్ మండలాల వార్తలు ఒక పత్రికకు పంపేదాన్ని. మా ఇంట్లో మాట్లాడుకునేది మా భాష. ఇక్కడ ఆ మాటలు తెలుగులో రాస్తున్నాను.

సమ్మెకు ముందు వారం స్పోర్ట్స్ సూపర్‌వైజర్ సోమనర్సయ్య మా ఇంటికి వచ్చి ఒక మాట చెప్పి పోయాడు.

"నవంబర్ల నాగపూర్‌ల కోల్ కంపెనీల టోర్నమెంటు. ఈసారి టీం పోకపోతే ఫుట్‌బాల్ ఎత్తేస్తరు బీక్యా. కబడ్డీ ఉంటది, వాలీబాల్ ఉంటది. మీది ఉండది."

"పోతం," అన్నాడు బాపు.

"సమ్మె అంటున్నరు గదా."

"సమ్మె బాయికి. పోతం."

ఆయన పట్టుదలకు కారణం మాకందరికీ తెలుసు. మానుకోట వైపు తండాల నుంచి చదువు లేని పిల్లలు కంపెనీలోకి వచ్చిన దారి ఆ జట్టు ఒక్కటే. బాపు ఆ దారిన వచ్చాడు. హరిలాల్‌ను, ఇంకా కొందరిని ఆ దారినే తెచ్చాడు. జట్టు పోతే దారి పోతుంది.

సెప్టెంబరు పదమూడున ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బావులు ఆగాయి. కొద్ది రోజుల్లోనే బస్సులు డిపోల్లో ఉండిపోయాయి. టీచర్లు సమ్మెలోకి వచ్చి బళ్లు మూతపడ్డాయి. సమ్మె మొదటి రోజు సాయంత్రం బాపు బంతుల వల భుజాన వేసుకుని బయలుదేరాడు.

కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. జట్టులో ఉన్నవాళ్లు సగం షిఫ్టు చేసి పైకి వస్తారు. మిగతా సగం గ్రౌండులో గడుస్తుంది. ఆ ఆటకు కూడా మస్టర్ పడుతుంది, అంటే బావిలో ఉన్నట్టే హాజరు వేస్తారు. షిఫ్టు మొత్తం లోపల ఉండేవాళ్లకు దీని మీద ఎప్పుడూ మంటే. మామూలు రోజుల్లో నాలుగు మాటలని ఊరుకునేవారు. సమ్మెలో అలా కుదరలేదు. బంతి తన్నినవాడు డ్యూటీ చేసినట్టు. డ్యూటీ చేసినవాడు సమ్మె విరిచినట్టు.

నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని ఆడవాళ్లు ఉన్నారు. పక్క క్వార్టర్ కట్టమ్మ బాపును ఆపింది. ఆమె భర్త బావిలో కోల్‌కట్టర్.

"ఏం బీక్యన్నా, బాయి బందైతే బాల్ బందు గాదా?"

"మస్టర్ ఎయ్యనియ్య కట్టమ్మా. ఊకెనే ఆడుతం."

"ఊకెనేనా? మా ఆయన గిన్నేండ్ల సంది దిగుతుండు. ఊకెనే ఒక్కనాడన్న దిగిండా?"

ఆడవాళ్లు నవ్వారు. బాపు సైకిలెక్కి పోయాడు. నేను బిందె పట్టుకుని అక్కడే ఉన్నాను. కట్టమ్మ నా బిందె పక్కకు జరిపి తన బిందె పెట్టింది.

"నీకేం తొందర అఖిలా. మీ ఇంట్ల డ్యూటీ నడుస్తనే ఉంది."

హరిలాల్ సమ్మె కమిటీలో ఉన్నాడు. ఆ రోజంతా టెంటు దగ్గరే ఉండి వచ్చాడు. యాడి అన్నం పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"మామా, సమ్మె అయ్యేదాంక గ్రౌండుకు పోకు. నా ముఖం జూసి మానుకో."

"నీ ముఖం నేనే గదా గ్రౌండుల నిలబెట్టింది."

"అందుకే జెప్తున్న. టెంటు కాడ నన్నేమంటున్నరో ఎర్కేనా? మీ మామ కంపెనీ మనిషంట, నువ్వు మా కాడ కూసొని ముచ్చట్లు మోసుకపోతున్నవంట."

"అనెటోళ్ల పేర్లు జెప్పు."

"పేర్లు జెప్తే ఏం జేస్తవ్? ఆఫ్‌సైడ్ ఇస్తవా?"

యాడి నవ్వబోయి ఆగింది. బాపు చేయి కడుక్కుని లేచాడు.

"రేపటి సంది కంపెనీ గ్రౌండు వద్దు. రేగొండ బడి కాడ ఆడుతం. ఆడ మస్టర్ ఎవడేస్తడు?"

"ఆడినట్టు తెలుస్తె సాలు," అన్నాడు హరిలాల్. "మస్టర్ ఎవడు జూస్తడు."

అదే నిజమైంది.

బాపు నేర్పిన ఆటలో ఒక చిట్కా ముఖ్యం. బంతి తన్నే క్షణానికి ఎదుటి జట్టువాడు మన బ్యాక్‌లను దాటి గోల్ వైపు నిలబడి ఉంటే అది ఆఫ్‌సైడ్. ఆట ఆపి బంతి మనకిస్తారు. కాబట్టి వాళ్లు బంతి తన్నబోయే క్షణంలో మన బ్యాక్‌లు నలుగురూ ఒకేసారి అడుగు ముందుకు వేస్తే, దాడికొచ్చినవాడు వెనక చిక్కుతాడు. నలుగురిలో ఒక్కడు ఆగినా అంతా వృథా. గోల్ పడుతుంది. ఆ అడుగుకు బాపు ఇచ్చే గుర్తు కుడి చెయ్యి పైకి ఎత్తడం.

మొదట్లో ఆయన కేక వేసేవాడు. ఎనభైల్లో ఒకసారి జట్టు కోస్తాలో ఆడటానికి పోయింది. బాపు తన బ్యాక్‌లకు వేసిన కేకలను చూసేవాళ్లు అదే యాసలో అప్పజెప్పి నవ్వారు. లంబాడీలో అరిస్తే దానికీ నవ్వారు. రెండో సగంలో బాపు నోరు తెరవలేదు. చెయ్యి ఎత్తాడు. అప్పటి నుంచి అదే గుర్తు.

"చెయ్యి లేసిందంటె అడుగు వడాలె," అని పిల్లలకు చెప్పేవాడు. "నా దిక్కు సూడొద్దు. ఆలోచన జెయ్యొద్దు. ఆలోచన జేసెటోడు ఎనుకబడ్తడు. వాడు ఒక్కడే మునగడు, అందర్ని ముంచుతడు."

హరిలాల్ ఈ గుర్తును ఏళ్ల తరబడి సాధన చేశాడు. పెరట్లో బాపు తువ్వాల ఆరేయడానికి చెయ్యి ఎత్తినా అతని కాలు కదిలేది. మేం నవ్వేవాళ్లం.

రేగొండలో మొదటి రోజు ఎనిమిది మంది వచ్చారు. సైకిళ్ల మీద, ఒక ట్రాలీ ఆటోలో వచ్చారు. హరిలాల్ రాలేదు. బడి గేటుకు తాళం లేదు. అడిగేవాళ్లు లేరు. నేను మండలాఫీసు ముందు దీక్ష వార్తకు రేగొండ పోయి, తిరిగి వస్తూ గ్రౌండు దగ్గర ఆగాను. ఆ సమయానికే రెండు ఆటోలు వచ్చి ఆగాయి. సమ్మె కమిటీ పెద్ద ముత్తయ్య దిగాడు. బాపూ ఆయనా ఒకే ఏడు బావిలో చేరారు. వెనక ఆటోలో హరిలాల్ ఉన్నాడు.

"బీక్యన్నా, బాల్ ఇటియ్యి," అన్నాడు ముత్తయ్య.

"ఆడుతవా?"

"పరాచికాలు వద్దు. సమ్మె అయినంక ఇస్త. కమిటీ కాడ ఉంటది."

"గట్లెట్ల ఇస్త." బాపు బంతిని కాలి కింద పెట్టుకున్నాడు. "కావాల్నంటె తీస్కో. కాలుతోని తీస్కో."

ముత్తయ్య ముందుకు వచ్చి కాలు పెట్టాడు. బాపు బంతిని పక్కకు లాగాడు. ముత్తయ్య మళ్లీ కాలు పెట్టాడు. మూడోసారి ఆయన చెప్పు ఊడి గోల్ స్తంభం దాకా పోయింది. ఆయన వెంట వచ్చినవాళ్లలోనే ఒకడు నవ్వాడు. ముత్తయ్య పోయి చెప్పు తొడుక్కుని వచ్చి హరిలాల్‌ను పిలిచాడు.

"నువ్వు తియ్యి. నీకు మీ మామ నేర్పిండు గదా."

హరిలాల్ దిగి వచ్చాడు. బాపు బంతిని వదిలేయలేదు. కాలు అడ్డం పెట్టి వీపు తిప్పాడు. హరిలాల్ భుజంతో నెట్టి బంతి లాక్కున్నాడు. బాపు మోచేతుల మీద పడ్డాడు. ఆయనకు అప్పటికి యాభై ఆరేళ్లు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

హరిలాల్ ఒక సైకిల్ చువ్వ అడిగి తీసుకుని బంతిలో గుచ్చాడు. గాలి పోయేదాకా నొక్కి పట్టుకున్నాడు.

"లైన్ల ఒక్కడు ఎనుక నిలబడితె అందరు మునుగుతరని నువ్వే జెప్పినవ్," అన్నాడు. "ఇయ్యాల ఎనుక నిలబడ్డది ఎవరు సార్?"

అది గ్రౌండు కాబట్టి సార్ అన్నాడనుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా సారే అన్నాడు.

వలలో ఇంకా నాలుగు బంతులున్నాయి. ముత్తయ్య వాటి సంగతి మరిచిపోయి పోయాడు. మరునాడు బాపు మళ్లీ ఆడించాడు. ఐదుగురు వచ్చారు.

బతుకమ్మ రోజుల్లో మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి, అక్కడే జనాన్ని బంతులుగా, అంటే వరుసలుగా కూర్చోబెట్టి అందరికీ పెట్టడం ఆ సమ్మెలో ప్రతి ఊళ్లో జరిగింది. మా లైన్ ఆడవాళ్లు పొద్దున్నే పోయారు. యాడిని ఎవరూ పిలవలేదు. ఆమే పోయింది. కట్టమ్మ పక్కన కూర్చుని వంకాయలు కోసింది. కట్టమ్మ ఆమెతో మాట్లాడలేదు. కత్తిపీట మాత్రం ఇచ్చింది.

మధ్యాహ్నం రోడ్డుకు రెండు వైపులా బంతులు కూర్చున్నాయి. బాపు రేగొండ నుంచి సైకిల్ మీద వస్తున్నాడు. రోడ్డు మూసి ఉంది, దాటిపోవడానికి దారి లేదు. సైకిల్ డివైడర్‌కు ఆనించి, బంతిలో ఒక చోట కూర్చున్నాడు. ఎవరో విస్తరి వేశారు. బంతుల వల పక్కన పెట్టుకున్నాడు. అటుపక్కవాడు కాస్త జరిగాడు.

అన్నం గంప యాడి చేతిలో ఉంది. ఒక్కొక్కరికి వడ్డిస్తూ వచ్చింది. బాపు పక్కవాడికి పెట్టింది. బాపు విస్తరి ముందు ఆగింది. జనం చూస్తున్నారు. కట్టమ్మ పప్పు గంటె పట్టుకుని యాడి వెనకే ఉంది. యాడి ఆ విస్తరి దాటి ముందుకు పోయింది. కట్టమ్మ కూడా దాటింది. వాళ్ల వెనక పచ్చడి తెచ్చిన పిల్ల ఏం చేయాలో తెలియక కట్టమ్మను చూసి దాటింది.

బాపు లేవలేదు. బంతి మొత్తం తిని లేచేదాకా ఖాళీ విస్తరి ముందు కూర్చున్నాడు. తర్వాత విస్తరి మడిచి, మిగతావాళ్లు పడేసిన చోటే పడేసి, సైకిల్ తీసుకుని పోయాడు.

సాయంత్రం యాడి ఇంట్లో కంచం పెట్టింది. బాపు ఆ కంచం తీసుకుని వంటింట్లోకి పోయి తనే వడ్డించుకున్నాడు. ఆ తర్వాత ఆమె చేత వడ్డించుకోలేదు.

"పదిమందిల కూసున్నవ్," అంది యాడి. "నీకు పెడితె నన్ను లేపుదురు."

"పెట్టమన్ననా?"

వాళ్లిద్దరి మధ్య ఆ సంగతి మీద నేను విన్న మాటలు అవే.

దసరా అయిపోయింది. ఒక సాయంత్రం సోమనర్సయ్య వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. హరిలాల్ ఇంట్లో లేడని చూసుకుని మాట్లాడాడు.

"రేపు ఫస్ట్ షిఫ్టుకు బస్సు పెడ్తున్నరు. పోలీసులుంటరు. మీ పిల్లలను ఎక్కించు. ఎక్కినోళ్లు నాగపూర్ పోతరు. టీం ఉంటది, నువ్వుంటవ్."

"ఎక్కకపోతె?"

"నాకెందుకు జెప్పిస్తవ్ బీక్యా. నీకెర్క లేదా?"

బాపు, "మావోళ్లు బాల్ తంతరు. బస్సెక్కరు," అన్నాడు.

"ఇన్నొద్దులు తన్నింది దేనికి మరి?"

"బాల్ తన్ననీకె."

సోమనర్సయ్య చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటాక, "నువ్వు ఇటు గావు, అటు గావు," అన్నాడు. యాడి వంటింటి తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నది.

మరునాడు పొద్దున గేటు దగ్గర కొన్ని వందల మంది ఉన్నారు. పోలీసులు గేటుకు ఈవల తాడు కట్టి వరుసగా నిలబడ్డారు. నేను రోడ్డుకు ఆ పక్క, గేటు వైపున, పోలీసుల వెనక, టీ బండి దగ్గర బల్ల మీద నిలబడి ఉన్నాను. అక్కడి నుంచి కార్మికుల ముఖాలు కనబడుతున్నాయి.

బాపు ట్రాక్ ప్యాంటులో వచ్చాడు. జనాన్ని తప్పించుకుంటూ ముందు వరుసకు వచ్చాడు. ముత్తయ్య చూసి అన్నాడు:

"అన్నా, బస్సు ఇటు రాలె. అవతలి గేటుకు పో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాపు పోయి హరిలాల్‌కు కుడిపక్కన నిలబడ్డాడు. హరిలాల్ ఆయన వైపు చూడలేదు, జరగనూ లేదు. రైట్ బ్యాక్ శ్రీపాల్ వెనక నుంచి వచ్చి బాపుకు ఆ పక్కన చేరాడు. శ్రీపాల్ రేగొండకు ఒక్క రోజూ మానకుండా వచ్చినవాడు. ఇంకో బ్యాక్ వాళ్ల మధ్య దూరాడు. ఎవరూ చెప్పకుండానే నలుగురూ గ్రౌండులో నిలబడే వరుసలో నిలబడ్డారు.

బస్సు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ మైకులో తప్పుకోమన్నాడు. నినాదాలు పెరిగాయి. జనం వెనక నుంచి ఒక రాయి వచ్చి బస్సు అద్దానికి తగిలింది. రెండో రాయి పోలీసుల ముందు పడింది.

అప్పుడు బాపు తల కొద్దిగా వెనక్కి తిప్పి కుడి చెయ్యి ఎత్తాడు.

హరిలాల్, శ్రీపాల్, మూడోవాడు ఒకేసారి అడుగు ముందుకు వేశారు. ముగ్గురిలో ఒక్కరూ పక్కకు చూడలేదు. ముందు వరుస కదలడం చూసి వెనక జనం కదిలింది. తాడు తెగింది. లాఠీలు లేచాయి. బాపు మాత్రం అడుగు వేయలేదు. ఆయన ఉన్నచోటే చెయ్యి ఎత్తి నిలబడి ఉండగా జనం ఆయనను దాటి ముందుకు పోయింది.

గ్రౌండులో ఆయన చెయ్యి ఎత్తితే అరచెయ్యి ఎదుటి జట్టు వైపు ఉంటుంది. ఆ రోజు నేను ఎదుటి వైపు ఉన్నాను. నాకు అరచెయ్యి కనబడలేదు. చేతి వెనక భాగం కనబడింది. అంటే అరచెయ్యి వెనక ఉన్న జనం వైపు ఉంది.

హరిలాల్‌ను వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. మోకాలు చిప్ప మూడు ముక్కలైంది. నడుస్తాడు, ఆడలేడు అని డాక్టరు చెప్పాడు. సాయంత్రం టీవీలో గేటు దృశ్యం వచ్చింది. ఒక చెయ్యి లేస్తుంది, జనం కదులుతుంది. అదే మళ్లీ మళ్లీ వేశారు. ముత్తయ్య దవాఖానకు పూలదండ పట్టుకుని వచ్చాడు. హరిలాల్‌కు వేస్తాడనుకున్నాను. వరండాలో కూర్చున్న బాపు మెడలో వేశాడు.

"మా బీక్యన్న సైగ జేసిండు, జనం దునికింది," అన్నాడు చుట్టూ ఉన్నవాళ్లతో. "ఇన్నొద్దులు తప్పు సమజైనం అన్నా."

బాపు దండ తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను ఆగుమన్న. రాళ్లు ఆపుమన్న."

ముత్తయ్య నవ్వు ఆగిపోయింది. "గా మాట బయట అనకు," అన్నాడు.

లోపలికి పోయాం. హరిలాల్ కాలు కట్లతో పైకి కట్టి ఉంది. వరండా మాటలు అతనికి వినపడ్డాయి.

"ఆగుమన్ననని జెప్తున్నవంట."

"ఆగుమనే అన్న."

"చెయ్యి లేసింది. నేను అడుగేసిన. నువ్వు నేర్పిందే."

"అది గ్రౌండు గాదు హరిలాల్."

"నా కాలుకేమెర్క?" అన్నాడు. "నువ్వు ఆగుమన్నవంటె నా కాలు దేనికి పోయినట్టు? జెప్పు సార్. ఉట్టిగనే పోయినట్టేనా? ముందుకు రమ్మన్ననని జెప్పు. లేకుంటె మా ఇంటి దిక్కు రాకు."

ఆ ఇల్లు బాపుదే. ఎవరూ ఆ మాట అనలేదు.

రెండు రోజుల తర్వాత పోలీసులు బాపును స్టేషన్‌కు పిలిచారు. బయలుదేరే ముందు సోమనర్సయ్య వచ్చాడు.

"టీవీల సూసిన. నువ్వు ఆపుతున్నట్టే ఉంది. అదే చెప్పు. కంపెనీ నీ ఎనుక ఉంటది, కోచ్ పోస్టు ఎటువోదు."

"మరి అడుగేసినోళ్లు?"

"వాళ్లంతట వాళ్లే ఏసినట్టు. ముగ్గురి మీద కేసయితది. నీ మీద గాదు గదా."

నేను బాపుతో స్టేషన్‌కు పోయాను. ఎస్సై కుర్చీ చూపించాడు. బాపు కూర్చోలేదు.

"చెయ్యి ఎందుకు ఎత్తారు?" అని అడిగాడు ఎస్సై.

"ముందుకు రమ్మననీకె."

"ఎవరిని?"

"నా బ్యాక్‌లను. మావోళ్లు నా చెయ్యి లేస్తె ఆగరు. ఆలోచన జెయ్యరు. వాళ్లకు నేర్పింది నేను. తప్పుంటె నాది."

"మీరు ఆగమన్నారని మీ ఆఫీసువాళ్లు చెబుతున్నారు."

"ఆఫీసోళ్లు గేటు కాడ లేరు."

ఎస్సై నా వైపు చూశాడు. "మీరున్నారా?"

"రోడ్డు అవతల ఉన్నాను," అన్నాను. "చెయ్యి ఎత్తడం చూశాను."

నా పత్రికకు పంపిన వార్తలోనూ అదే ఉంది. అడుగు దూరంలో నిలబడిన బాపు నా వైపు చూడలేదు.

కేసు బాపు ఒక్కడి మీదే పెట్టారు. హరిలాల్ పేరు, మిగతా ఇద్దరి పేర్లు అందులో లేవు. కంపెనీ బాపును సస్పెండ్ చేసింది. కోచ్ పోస్టు తీసేసింది. ఆ మాట చెప్పడానికి నేను దవాఖానకు పోయాను. హరిలాల్ మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ముందుకు రమ్మన్నడంటనా?"

"అట్లనే చెప్పిండు."

"నాకెర్కే." దుప్పటి కాలి మీదికి లాక్కున్నాడు. "అయితె నా కాలు తీసింది ఆయనే."

నేను అరచెయ్యి సంగతి చెప్పాను. నా చెయ్యి ఎత్తి చూపించాను.

"నువ్వు అవతల ఉన్నవ్," అన్నాడు.

బావుల్లో సమ్మె అక్టోబరు మూడో వారంలో ముగిసింది. జట్టు నాగపూర్ పోలేదు. మరుసటి ఏడు కంపెనీ ఆటల్లో ఫుట్‌బాల్ లేదు. శ్రీపాల్, మిగతావాళ్లు పూర్తి షిఫ్టుకు దిగారు. హరిలాల్‌కు బావి పైన ల్యాంప్ రూంలో పని ఇచ్చారు. దిగేవాళ్లకు టోపీ లైట్లు అందించడం, వచ్చేవాళ్ల దగ్గర తీసుకోవడం ఆ పని. కొత్త క్వార్టర్ రాగానే మేం మారిపోయాం. యాడి కొన్నాళ్లు మా దగ్గర, కొన్నాళ్లు బాపు దగ్గర ఉంటుంది.

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత ఉద్యమ కేసులు ఎత్తేసినప్పుడు బాపు కేసు కూడా పోయింది. అప్పటికి ఆయన రిటైర్ అయ్యాడు. భూపాలపల్లిలో విజయోత్సవ సభకు రమ్మని ముత్తయ్య కబురు పంపాడు. బాపు పోలేదు. ఆ సభలో గేటు వీడియో తెర మీద వేశారని హరిలాల్ వచ్చి చెప్పాడు. అతను ఇప్పుడు బాపును మామ అనడు, సార్ అనడు. నాతో మాట్లాడేటప్పుడు మీ బాపు అంటాడు.

బాపు ఇప్పుడు మానుకోట దగ్గర తండాలోనే ఉంటున్నాడు. పక్క ఊరి బడి గ్రౌండులో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. నేను ఇప్పుడు జనగామలో పని చేస్తున్నాను. పోయిన ఆదివారం రైలుకు పోయి చూసి వచ్చాను. నలుగురు పిల్లలు గోల్ ముందు వరుసగా నిలబడ్డారు. ఎదుటి వైపు పిల్ల బంతి తన్నబోయే క్షణంలో బాపు విజిల్ వేశాడు. నలుగురూ ఒకేసారి అడుగు ముందుకు వేశారు. మళ్లీ తన్నించాడు, మళ్లీ విజిల్ వేశాడు.

ఆట అయ్యేదాకా ఆయన రెండు చేతులూ వెనక కట్టుకునే ఉన్నాడు. హరిలాల్ ఆ గ్రౌండుకు ఇంతవరకు రాలేదు.